ఓన్‌సెన్‌లో దిగే ముందు తెలియాల్సినవి

జపాన్‌కి ఉద్యోగానికో చదువుకో వచ్చిన మనవాళ్ళు ఓన్‌సెన్ అనే వేడినీటి ఊట స్నానశాల గుమ్మం దగ్గర వెనకాడేది ఎక్కువగా ఒక్క విషయానికే. ఒంటి మీద నూలుపోగు లేకుండా నలుగురితో కలిసి నీళ్ళలో దిగాలి. ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ వేరే గదులుంటాయి, లోపల ఎవరి స్నానం వాళ్ళది. ఆ బెరుకు పీట మీద కూర్చునేదాకానే. నేను చూసినంతలో మనిషి ఇబ్బంది పడేది వేడితోనూ, నీళ్ళలో కరిగి ఉన్న వాటితోనూ.

చెప్పులు బయటి అరలో పెట్టాలి. కొన్నిచోట్ల 100 యెన్ల నాణెం వేస్తేగానీ తాళం పడదు, తీసేటప్పుడు ఆ నాణెం తిరిగొస్తుంది. టికెట్టు మెషీన్‌లో తీసుకుంటే చాలా చోట్ల పని అయిపోతుంది. గుమ్మానికి వేలాడే తెర సాధారణంగా మగవాళ్ళకి నీలం, ఆడవాళ్ళకి ఎరుపు. రంగునే నమ్ముకోకుండా అక్షరం కూడా చూసుకోండి: పైన నాలుగు గళ్ళ పెట్టె ఉన్నది మగవాళ్ళది. సత్రాల్లో రాత్రికీ పొద్దుటికీ గదులు మార్చేస్తుంటారు, కాబట్టి నిన్న వెళ్ళిన గుమ్మమే కదా అని చొరవగా వెళ్ళకండి.

బట్టలు, ఫోను, పెద్ద తువ్వాలు బయటి లాకర్ల గదిలోనే వదిలేయాలి. చిన్న తువ్వాలు మాత్రం వెంట వస్తుంది. అది తొట్టిలో మునగకూడదు, మడిచి నెత్తిన పెట్టుకుంటారు.

తొట్టి ఒళ్ళు రుద్దుకోడానికి కాదు. ముందు కుళాయి దగ్గర పీట మీద కూర్చునే సబ్బుతో శుభ్రంగా కడుక్కోవాలి. నిలబడి పోసుకుంటే పక్కవాళ్ళ మీద చిందుతుంది. నొక్కితే వచ్చే కుళాయి కొద్ది సెకన్లకే ఆగిపోతుంది, పాడైందనుకోవద్దు. తలకి కొబ్బరినూనె రాసుకునే వాళ్ళు షాంపూ రెండుసార్లు పెట్టాలి, లేదంటే నూనె జిడ్డు తొట్టిలో తేలుతుంది. జడ పైకి ముడేసుకోవాలి. లేచేముందు పీట కడిగి పెట్టాలి. బెప్పు ఊళ్ళో పాతకాలపు చిన్న స్నానశాలల్లో కుళాయిలే ఉండకపోవచ్చు. అక్కడ తొట్టి పక్కన కూర్చుని, చెంబులాంటి గిన్నెతో తొట్టి నీళ్ళే ముంచి పోసుకుంటారు. సబ్బు నురగ మాత్రం తొట్టిలో పడకూడదు.

దిగేముందు గోడ మీద నీళ్ళ వివరాల పలక ఉంటుంది, చూడండి. అది పెట్టి తీరాలని చట్టం. 1948 నాటి ఓన్‌సెన్ చట్టం ప్రకారం ఊట దగ్గర నీళ్ళు 25 డిగ్రీలకి తక్కువ కాకుండా ఉండాలి, లేదా చట్టం పేర్కొన్న ఖనిజాల్లో ఒక్కటైనా తగిన పాళ్ళలో ఉండాలి. ఆమ్లత్వం ఎంత, నీళ్ళు కలిపారా, మళ్ళీ కాచారా, తిప్పి వాడుతూ క్లోరిన్ వేస్తున్నారా అన్నవి అందులో ఉంటాయి. ఫోను కెమెరాతో అనువదించుకోవాలంటే లాకర్ల గదిలోకి వెళ్ళకముందే ఆ పని కానిచ్చుకోవాలి. ఊట నీళ్ళు వస్తూ, నిండి, పొర్లిపోయే తొట్టి దొరికితే నేను ఇంకేమీ చూడను.

కుసత్సు ఊళ్ళో ఓన్‌సెన్ నీళ్ళ ఆమ్లత్వం పీహెచ్ 2 దగ్గర, నిమ్మరసమంత పులుపు. కంట్లో పడితే మండుతుంది, గీరుకున్న చోట చురుక్కుమంటుంది, అప్పుడే గడ్డం గీసుకుని వెళితే తెలిసొస్తుంది. అక్కడి ఏరు దిగువన ఉన్న వంతెనల ఇనుమునీ కాంక్రీటునీ తినేస్తోందని 1964 నుంచి అందులో సున్నం కలుపుతున్నారు. ఇలాంటి నీళ్ళ నుంచి లేచాక సున్నిత చర్మం ఉన్నవాళ్ళు మామూలు నీళ్ళు పోసుకోవాలి. మిగతా చోట్ల పోసుకోకుండా తుడుచుకోవడమే ఆనవాయితీ.

గంధకం ఉన్న నీళ్ళలో వెండి మెట్టెలు, పట్టీలు నల్లబడతాయి. రాగీ వెండీ కలిసిన బంగారం కూడా మసకబారుతుంది. పసుపుతాడు అయితే రంగు దిగి తొట్టి నీళ్ళలో కలుస్తుంది. పుస్తెలు తియ్యడం ఇష్టంలేని వాళ్ళకి గంటకో ముప్పావు గంటకో విడిగా అద్దెకిచ్చే గది మేలు. పచ్చబొట్టు ఉన్నవాళ్ళకీ అదే దారి, చాలా చోట్ల పచ్చబొట్టుతో ఉమ్మడి తొట్టిలోకి రానివ్వరు. కినొసాకి ఊళ్ళోని ఏడు స్నానశాలల్లో ఆ అడ్డు లేదు.

ఇక వేడి. తొట్టి మామూలుగా 40 నుంచి 42 డిగ్రీలు. బకెట్టు నీళ్ళకి అది హాయిగానే తోస్తుంది, మెడదాకా మునిగితే కథ వేరు. ముందు గిన్నెతో కాళ్ళ నుంచి మొదలెట్టి, పైకి పైకి పదిసార్లు పోసుకోవాలి. తొట్టిలోకి మొదట మోకాళ్ళదాకా దిగాలి, తర్వాత నడుందాకా, ఆపైన భుజాలదాకా. మూడు నాలుగు నిమిషాలకి లేచి గట్టు మీద కూర్చుని, కావాలంటే మళ్ళీ దిగొచ్చు. కళ్ళు తిరిగేది ఎక్కువగా లేచేటప్పుడే. వేడికి రక్తనాళాలు వెడల్పై రక్తపోటు తగ్గి ఉంటుంది, నీళ్ళ ఒత్తిడి ఒక్కసారిగా పోతే రక్తం కాళ్ళలోకి జారుతుంది. గట్టు పట్టుకుని నెమ్మదిగా లేవాలి. తాగి దిగకూడదు, కడుపునిండా తిన్న వెంటనే కూడా వద్దు. ముందొక గ్లాసు, తర్వాతొక గ్లాసు మంచినీళ్ళు తాగాలి. బీపీ మందులు వాడేవాళ్ళు, గర్భిణులు డాక్టరుని అడిగి రావాలి.

లాకర్ల గదిలోకి వచ్చేముందు చిన్న తువ్వాలు పిండి ఒళ్ళు తుడుచుకోవాలి. కారే నీళ్ళతో నేల తడిపితే మాత్రం ఎవరో ఒకరు తప్పకుండా మందలిస్తారు. సత్రంలో ఇచ్చే యుకతా అనే నూలు అంగీ కట్టుకునేటప్పుడు ఎడమ అంచు పైకి రావాలి, కుడి అంచు పైకి వచ్చేలా కట్టేది శవానికి. బిల్లులో తలకి సాధారణంగా 150 యెన్లు విడిగా కనిపిస్తే అది స్నానపు పన్ను, ఊరికి వెళుతుంది.