బెట్ట రాకముందే చల్లవలసిన సముద్రపు నాచు ద్రావణం

అనంతపురం ప్రాంతంలో ఏడాదికి కురిసే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. వాన తక్కువన్న మాట అటుంచితే, అది కురిసే తీరే వేరుశనగ రైతును ఎక్కువగా దెబ్బతీస్తుంది. జూన్, జూలై నెలల్లో పదును చూసి విత్తనం వేశాక, సరిగ్గా పైరు పూత మీదో, ఊడల (పూత తర్వాత నేలలోకి దిగి కాయ కట్టే కాడల) మీదో ఉన్నప్పుడు వారాల తరబడి చినుకు రాలకపోవడం మన ఎర్ర నేలలకు కొత్త కాదు. ఆ వారాలను గట్టెక్కిస్తుందంటూ ఎరువుల దుకాణాల్లో సముద్రపు నాచు ద్రావణాన్ని అమ్ముతున్నారు. దీనివల్ల ప్రయోజనం ఉందనే నేను నమ్ముతున్నాను. అయితే మా వైపు చాలామంది రైతులు దీన్ని కొనేది ఆకులు ముడుచుకున్న తర్వాత. నా అభ్యంతరమంతా ఆ సమయం గురించే.

ఈ ద్రావణాలలో కొన్ని అస్కోఫిల్లం అనే గోధుమ రంగు నాచు నుంచి తయారవుతాయి. అది ఉత్తర అట్లాంటిక్ తీరపు రాళ్లను పట్టుకుని, పాటు వచ్చినప్పుడల్లా నీరు లేక ఎండుతూ, పోటుకు మళ్లీ తడుస్తూ బతికే జాతి. మన దేశంలో కప్పాఫైకస్ అనే ఎర్ర నాచును తమిళనాడులోని రామనాథపురం తీరంలో వెదురు తెప్పలకు కట్టి పెంచుతారు. తాజా నాచును పిండి రసాన్ని పంటలకు వాడుకుని, మిగిలిన పిప్పి నుంచి కారాగీనన్ అనే జిగురు పదార్థాన్ని తీసే పద్ధతిని భావనగర్‌లోని కేంద్ర ఉప్పు, సముద్ర రసాయనాల పరిశోధన సంస్థ రూపొందించింది.

ఈ రసంలో పొటాషియం, బెట్టను తట్టుకోవడానికి తోడ్పడే బీటైన్లు, సైటోకైనిన్, ఆక్సిన్ వంటి వృద్ధి కారకాలు ఉంటాయి. గోధుమ రంగు నాచులో వీటికి తోడు మానిటాల్ అనే చక్కెర జాతి పదార్థం, ఆల్జినేట్లు అనే జిగురు పదార్థాలు కూడా ఉంటాయి. ఇవి ఎరువులు కావు. లీటరుకు రెండు మూడు మిల్లీలీటర్లు కలిపి చల్లితే పైరుకు అందే పోషకం స్వల్పం. వీటి పని వేరు. మొక్క బెట్టకు గురైనప్పుడు పత్రరంధ్రాలను మూసుకుని నీటిని కాపాడుకుంటుంది, కణాల్లో నీటిని పట్టి ఉంచే ప్రోలిన్ వంటి పదార్థాలను కూడబెట్టుకుంటుంది, ఎండ వేడికి ఆకులో పుట్టే హానికర ఆక్సిజన్ రూపాలను అణచే ఎంజైములను పెంచుకుంటుంది. నాచు ద్రావణం ఈ ఏర్పాట్లను ముందుగానే మేల్కొలుపుతుందనీ, వేరు పెరుగుదలకు తోడ్పడుతుందనీ అనేక పంటల మీద జరిగిన ప్రయోగాలు చెబుతున్నాయి. ముందుగా మేల్కొలపడమన్న మాటలోనే అసలు కీలకం ఉంది. ఆకు వాడిపోయి, పత్రరంధ్రాలు మూసుకుపోయిన మొక్క చల్లిన ద్రావణాన్ని సరిగా పీల్చుకోలేదు. పీల్చుకున్నా కొత్త వేరు వేయడానికి దానికి నీరుండదు.

కాబట్టి నేలలో ఇంకా తేమ ఉండగానే చల్లాలి. వేరుశనగ సాధారణంగా విత్తిన 25, 30 రోజులకు పూతకు వస్తుంది కనుక, పూతకు కాస్త ముందు ఒకసారి, ఊడలు దిగే వేళకు పదును ఉంటే మరొకసారి చల్లడం నాకు సబబుగా తోస్తుంది. ఎండ ముదరకముందు ఉదయం గానీ, చల్లబడ్డాక సాయంత్రం గానీ పిచికారీ చేయాలి.

ఇది చేయలేని పని ఒకటుంది, దాన్ని అమ్మేవారు చెప్పరు. వేరుశనగ ఊడ నేలలోకి దిగాలంటే పైమట్టి మెత్తగా, తడిగా ఉండాలి. ఎర్ర నేల ఎండి గట్టిపడితే, మొక్క ఎంత పచ్చగా ఉన్నా ఊడ పైనే నిలిచిపోతుంది. అంతేకాక, కాయకు కావలసిన కాల్షియంలో ఎక్కువ భాగాన్ని కాయే తన చుట్టూ ఉన్న తడిమట్టి నుంచి నేరుగా పీల్చుకుంటుంది. తేమ లేకపోతే కాల్షియం కోసం వేసిన జిప్సం కూడా అందక కాయలు తాలుపోతాయి. ఆకు మీద చల్లిన ఏ ద్రావణమూ ఈ లోటు తీర్చలేదు. నీటికుంటలో నీళ్లుంటే ఊడల దశలో ఇచ్చే ఒక్క రక్షక తడి ఎన్ని పిచికారీలకన్నా మేలు. కుంట తవ్వుకోవలసిన డబ్బును సీసాల మీద పెట్టవద్దని మా బంధువులందరికీ చెబుతూ వస్తున్నాను.

కొనేటప్పుడు సీసా మీది వివరాలు చదవడం తప్పనిసరి. 2021లో కేంద్ర ప్రభుత్వం నాచు ద్రావణం వంటి బయోస్టిమ్యులెంట్లను (మొక్క పెరుగుదలను ప్రేరేపించే పదార్థాలను) 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు పరిధిలోకి తెచ్చింది. వాటిలో పురుగుమందు అవశేషాలు 0.01 పీపీఎంకు (పది లక్షల భాగాల్లో 0.01 భాగానికి) మించకూడదు. నాచు సారం ఎంత శాతం, ఏ పంటకు ఏ మోతాదు అన్నది లేబుల్ మీద స్పష్టంగా లేని సీసాను, అంగడివాడు ఎంత తెలిసినవాడైనా, తీసుకోకూడదు. బిల్లు అడిగి తీసుకోవాలి.

మొదటి ఏడాది చేనంతా చల్లవలసిన పని లేదు. ఒకే నేల, ఒకే విత్తనం, ఒకే రోజు విత్తిన చేనిలో కొన్ని సాళ్లను చల్లకుండా వదిలి, వాటికి రెండు చివరలా గూటాలు పాతి, మిగతా పనులన్నీ ఒకేలా చేయాలి. కాయ పెరికాక ఆ సాళ్ల కాయనూ, పక్కనే చల్లిన అన్నే సాళ్ల కాయనూ విడివిడిగా ఎండబెట్టి తూచాలి. చెట్టు పచ్చదనం చూసి నిర్ణయించకూడదు. బెట్టలో పచ్చగా నిలిచిన చెట్టుకు కాయ లేకపోవడం మనం ఎన్నోసార్లు చూశాం. పెరిగిన కాయ ధర మందు ఖర్చునూ, కూలినీ దాటితేనే మరుసటి ఖరీఫ్‌లో మిగతా చేనికి చల్లాలి.