సుషీ పళ్లెంలో అన్నం లెక్క

నాకు తెలిసిన వరంగల్, హనుమకొండ విద్యార్థులలో చాలామంది జపాన్ వంటకమైన సుషీని మొదటిసారి రుచి చూసేది హైదరాబాద్‌లోనే. ఇంటర్వ్యూకో, పోటీ పరీక్షకో, స్నేహితుల పుట్టినరోజుకో కాజీపేటలో రైలెక్కి వెళ్లినప్పుడు, నగరంలో స్థిరపడిన సీనియర్లు సుషీ దొరికే హోటల్‌కు తీసుకువెళ్తుంటారు. అక్కడ కూర్చోగానే మావాళ్లు అడిగే మొదటి ప్రశ్న పచ్చి చేప గురించే ఉంటుంది. అది తప్పకుండా అడగవలసిన ప్రశ్నే. కానీ రెండు పూటలా అన్నం తినే మనబోటివాళ్లు ఆరోగ్యం గురించి ఆలోచించేటప్పుడు అంతకంటే ముందు చూడవలసింది ఆ చేప కింద ఉన్న అన్నాన్ని అని నేను గట్టిగా నమ్ముతాను.

సుషీ ప్రధానంగా అన్నపు వంటకం. పొట్టిగా, జిగురుగా ఉండే బియ్యాన్ని వండి, వేడిగా ఉన్నప్పుడే అందులో వెనిగర్, చక్కెర, ఉప్పు కలిపి ఆరబెడతారు. మనం పులిహోరకు అన్నం ఆరబెట్టి చింతపండు పులుసు పట్టించినట్టే ఇదీను. అయితే పుల్లగా ఉండటం వల్ల అందులోని చక్కెర నాలుకకు తెలియదు. చేతిలో ఒత్తిన అన్నపు ముద్ద మీద చేప ముక్క పెట్టి చేసే నిగిరి ఒక్కొక్క దానిలో సుమారు 15 నుంచి 20 గ్రాముల అన్నం ఉంటుంది. అన్నం బయటికి కనిపించేలా చుట్టిన పెద్ద రోల్‌ను ఎనిమిది ముక్కలుగా కోసి తెస్తారు. అందులో 100 నుంచి 150 గ్రాముల దాకా అన్నం పడుతుంది. ముక్కలు చిన్నవి కావడంతో ఎంత తిన్నామో లెక్క దొరకదు. రెండు రోల్స్ పూర్తిచేసిన విద్యార్థి తాను అన్నం తిననేలేదనుకుంటాడు గానీ, హాస్టల్ మెస్‌లో ఒక పూట పెట్టించుకునేంత అన్నం అప్పటికే కడుపులోకి చేరిపోయి ఉంటుంది. వండిన తెల్లన్నం 100 గ్రాములకు దాదాపు 130 కేలరీలు, 28 గ్రాముల పిండిపదార్థం లెక్క. మా బాపుకు షుగర్ ఉంది, నాయనమ్మకూ ఉండేది. అందుకే మా ఇంట్లో అన్నాన్ని కొలిచి వడ్డించుకోవడం అలవాటైంది, ఆ కొలతను హోటల్‌కు వెళ్లినప్పుడు ఇంట్లో వదిలిపెట్టి వెళ్లడంలో అర్థం లేదు.

ఈ లెక్క తెలిసిన తరువాత మెనూ చదవడం తేలికవుతుంది. నేనైతే ముందుగా పులియబెట్టిన సోయా ముద్దతో చేసే మిసో సూప్, ఎడమామే తెప్పించుకుంటాను. ఎడమామే అంటే లేత సోయా చిక్కుళ్లు; వాటిని తొక్కతోనే ఉడికించి, పైన కాస్త ఉప్పు చల్లి తెస్తారు. గింజలను మాత్రం పళ్లతో లాగి తిని, తొక్కను పక్కన పెట్టాలి. ఆ గింజలు 100 గ్రాములు తింటే 11 గ్రాములకు పైగా మాంసకృత్తులు అందుతాయి, పీచు కూడా దండిగా ఉంటుంది. పైగా సాధారణంగా మెనూలో తక్కువ ధర పలికేవాటిలో ఇదొకటి. తరువాత అన్నం లేకుండా చేప ముక్కలు మాత్రమే వచ్చే సాషిమి ఒక పళ్లెం తెప్పించుకుని నలుగురూ పంచుకోవచ్చు. పెంపకపు సాల్మన్ 100 గ్రాములలో సుమారు 20 గ్రాముల మాంసకృత్తులతో పాటు, గుండెకు మేలు చేసే ఒమేగా-3 కొవ్వులు దాదాపు రెండు గ్రాములు ఉంటాయి. కడుపు కొంత నిండాక, చివరికి నాలుగైదు నిగిరీలో, ఒక చిన్న రోలో తింటే తృప్తిగా ఉంటుంది. మాంసకృత్తులు, పీచు ముందు తిని పిండిపదార్థాన్ని చివరికి ఉంచితే, తిన్న తరువాత రక్తంలో చక్కెర పెరిగే వేగం తగ్గుతుందని పరిశోధనలు చూపించాయి. షుగర్ వంశంలో ఉన్న పిల్లలు ఇరవై ఏళ్లకే ఈ వరుసను అలవాటు చేసుకోవడం మంచిదని నా అభిప్రాయం.

ఇక సోయా సాస్ సంగతి. ఒక పెద్ద చెంచా, అంటే 15 మిల్లీలీటర్ల మామూలు సోయా సాస్‌లో సుమారు 900 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. పెద్దవాళ్లు రోజు మొత్తంలో 2000 మిల్లీగ్రాముల లోపే సోడియం తీసుకోవాలని, అంటే ఉప్పు 5 గ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆవకాయ, వడియాలు, మెస్ సాంబారు అప్పటికే మనకు బోలెడంత ఉప్పు అందిస్తున్నాయి కాబట్టి, ఇక్కడ ముంచే పద్ధతి చాలా ముఖ్యం. చిన్న గిన్నెలో సాస్‌ను నిండా పోసుకోకుండా అడుగు తడిసేంత మాత్రమే పోసుకోవాలి. నిగిరిని వేళ్లతో పట్టుకుని తినడం జపాన్‌లోనూ మర్యాదే. అందువల్ల చాప్‌స్టిక్స్ రాలేదని ఇబ్బందిపడనక్కరలేదు. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలుతో దాన్ని పక్కకు వాల్చి, చేప వైపు అంచును మాత్రమే సాస్‌కు తాకించాలి. అన్నం వైపు ముంచితే మెతుకుల మధ్య సందుల్లోకి సాస్ క్షణంలో ఎక్కేస్తుంది, ముద్ద విడిపోయి గిన్నెలో పడుతుంది, రుచి కూడా ఉప్పుకషాయమే. మిసో సూప్‌లోనూ ఉప్పు తక్కువేమీ కాదు కాబట్టి ఒక గిన్నెతో ఆపాలి.

మెనూలో టెంపురా, క్రంచీ, స్పైసీ మయో, క్రీమ్ చీజ్ అనే మాటలు కనిపిస్తే ఆగి ఆలోచించాలి. టెంపురా అంటే పిండిలో ముంచి నూనెలో వేయించినది, మయో అంటే ప్రధానంగా నూనే. కాలిఫోర్నియా రోల్‌లో పీత అని పెట్టేది చాలాచోట్ల పీత కాదు, తెల్ల చేపల గుజ్జుకు పిండి, చక్కెర, ఉప్పు కలిపి పీత మాంసంలా తయారుచేసిన సురిమి.

ఇప్పుడు పచ్చి చేప. సముద్రపు చేపలలో అనిసాకిస్ వంటి పరాన్నజీవి పురుగులు ఉండవచ్చు. అవి చావాలంటే చేపను -20 డిగ్రీల సెల్సియస్ లేదా అంతకంటే తక్కువ ఉష్ణోగ్రతలో 7 రోజులు, లేదా -35 డిగ్రీల వద్ద గడ్డకట్టించి 15 గంటలు ఉంచాలని అమెరికా ఆహార, ఔషధ సంస్థ మార్గదర్శకాలు చెబుతున్నాయి. చలికి పురుగులు చస్తాయి గానీ బాక్టీరియా అంతా చావదు. కాబట్టి కరిగించిన తరువాత కూడా చేప చల్లగానే ఉండాలి. పళ్లెం మీదికి వచ్చిన ముక్క గోరువెచ్చగా ఉన్నా, నీచువాసన వచ్చినా, మొహమాటం లేకుండా వెనక్కి పంపించండి. పక్కన పెట్టే ఆకుపచ్చని ఘాటు ముద్ద వసాబి దెబ్బకు క్రిములన్నీ చచ్చిపోతాయన్న నమ్మకంతో తినడం ప్రమాదం. జపాన్ వాళ్లే ఒకప్పుడు పురుగుల భయంతో తమ పసిఫిక్ సాల్మన్‌ను పచ్చిగా తినేవారు కాదు. 1980వ దశకంలో నార్వే తన పెంపకపు సాల్మన్‌ను అక్కడ పనిగట్టుకుని ప్రచారం చేసిన తరువాతే సాల్మన్ సుషీ వాడుకలోకి వచ్చింది. ట్యూనా పెద్ద చేప కావడంతో దానిలో పాదరసం సాల్మన్‌లో కంటే ఎక్కువగా పేరుకుంటుంది, అందువల్ల ప్రతిసారీ అదే తినకూడదు. గర్భిణులు, రోగనిరోధక శక్తి తగ్గినవారు పచ్చి చేప జోలికి వెళ్లకూడదు. ఈమధ్యే కామెర్లో, టైఫాయిడో వచ్చి తగ్గిన విద్యార్థులు కూడా ఉడికించిన రొయ్య, గుడ్డుతో చేసే తమాగో, దోసకాయ రోల్ వంటివాటితో సరిపెట్టుకోవడం మేలు.

దీనికి సంబంధించి ఒక మాట మరీ మరీ చెప్పాలనిపిస్తోంది. వీడియోలు చూసి ఇంట్లో సుషీ చేద్దామనుకునే ఉత్సాహం మా క్యాంపస్‌లలో కనిపిస్తోంది. మృగశిర కార్తె నాడు చేపలు తినకపోతే తోచని ప్రాంతం మనది. పాకాల, లక్నవరం, రామప్ప చెరువుల నీడలో పెరిగినవాళ్లకు చేప కొత్త కాదు. కానీ చెరువు చేపను పచ్చిగా ఎన్నడూ తినకూడదు. మన రాష్ట్ర చేప అయిన కొర్రమీను జాతి చేపలలో గ్నాథోస్టోమా అనే పురుగు లార్వాలు ఉండవచ్చు. వాటిని పచ్చిగా, సగం ఉడికించి తినే ఆగ్నేయాసియా దేశాలలో ఈ పురుగు మనుషులకు సోకి చర్మం కింద, కొన్నిసార్లు మెదడులోకి కూడా పాకుతుంది. మన ఇళ్లలోని ఫ్రిజ్ చలిని నమ్ముకోలేం. కొర్రమీనును పులుసుగానే వండుకోవాలి. ఇంట్లో సుషీ చుట్టాలనుకుంటే గుడ్డట్టు, క్యారెట్, కీరదోస పెట్టుకోవాలి.

శాకాహార మిత్రులకు ఒక హెచ్చరిక: మిసో సూప్ చూడటానికి శాకాహారంలా ఉన్నా, దాని ఆధారమైన దాషీ అనే చారును సాధారణంగా ఎండబెట్టిన బొనిటో చేప తురుముతో కాస్తారు. సముద్రపు నాచుతో మాత్రమే చేశారా అని ముందే అడగాలి. కీరదోస, అవకాడో రోల్స్, టోఫూ (సోయా పాలతో చేసే పన్నీరు లాంటిది) వాళ్లకు సరిపోతాయి, అయితే రోల్స్ మాత్రమే తింటే తగినన్ని మాంసకృత్తులు రావు కాబట్టి టోఫూనో, ఎడమామేనో తప్పనిసరి.

ఖర్చు విద్యార్థికి చిన్న విషయం కాదు. ఎంతైనా తినవచ్చనే ఒకే ధర పథకాలు చూడగానే ఆశ పుడుతుంది, కానీ పెట్టిన డబ్బు రాబట్టుకోవాలన్న పట్టుదలతో మనం నింపుకునేది మళ్లీ అన్నమే. సాషిమి, సూప్, చిక్కుళ్లు తలా కొంత పంచుకుని, అన్నం ఉన్నవాటిని కొద్దిగా తెప్పించుకోవడమే అటు జేబుకూ ఇటు ఒంటికీ నయం. వీలైతే మధ్యాహ్నం పూట వెళ్లండి. ఆ రోజు ఉప్పు ఎక్కువగానే పడి ఉంటుంది కాబట్టి తిరుగు రైలులో నీళ్లు బాగా తాగాలి. రాత్రికి హాస్టల్ చేరాక అన్నం మానేసి, జొన్నరొట్టెతో పాలకూర పప్పు, ఉప్పు వేయని చల్లతో ముగిస్తే చాలు.