పటాకుల డబ్బా, బకెట్ నీళ్ళు

పోయిన మే నెలలో మా బోడుప్పల్ కాలనీలో ఒక పెళ్ళి బరాత్ పోతుంటే స్కై షాట్లు కాల్చారు, అందులో ఒకటి వంకరగా లేచి పక్కనున్న ఖాళీ ప్లాట్‌లో పడింది. ఆ ప్లాట్‌లో నడుం ఎత్తు ఎండుగడ్డి, మధ్యలో ఒక తాటిచెట్టు, ఎండిన కమ్మలు దాని మొదలు మీదికి వేలాడుతున్నాయి. గడ్డి అంటుకుంది, అది పాక్కుంటూ పోయి కమ్మలు అందుకుంది, ఒక్కసారి పైదాకా భగ్గుమంది. డీజే మాత్రం ఆగలేదు, చాలామంది అది కూడా బరాత్‌లో భాగమే అన్నట్టు ఫోన్లు పైకెత్తి వీడియో తీస్తున్నారు. నేనూ పక్కింటి తమ్ముడూ ఇంకో ఇద్దరం బోరు మోటర్ వేసి పైపు లాక్కుంటూ పరిగెత్తాం, ఎవరో 101కి ఫోన్ కొట్టారు. ఇళ్ళ మీదికి రాలేదు, గోడ అడ్డం ఉంది కాబట్టి సరిపోయింది. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, ఎందుకంటే ఎండుగడ్డి మీద పటాకుల రవ్వ పడితే ఏమవుతుందో నేను ఇంతకుముందే చూసొచ్చాను.

నేను 2016లో అమెరికా పోయాను, ఒరెగాన్ స్టేట్, పోర్ట్‌ల్యాండ్ పక్కన హిల్స్‌బరోలో చిప్పులు తయారుచేసే ఫ్యాబ్‌లో పని. పన్నెండు గంటల షిఫ్టు, ఒక వారం మూడు రోజులు, ఇంకో వారం నాలుగు, నాది ఎక్కువ నైట్. తల నుంచి కాళ్ళ దాకా తెల్ల సూటు, కళ్ళు తప్ప ఏమీ కనపడవు, కంటికి కనిపించని దుమ్ము కణం ఒక్కటి వేఫర్ మీద, అంటే చిప్పులు చేసే పల్చటి సిలికాన్ పలక మీద పడ్డా అక్కడి చిప్పు పోయినట్టే, మా పనంతా దాన్ని పడనివ్వకుండా చూసుకోవడమే. 2017 సెప్టెంబర్‌లో ఒక పొద్దున షిఫ్టు దిగి పార్కింగ్‌లోకి వస్తే నా కారు మీద బూడిద. మంచు అనుకున్నా ముందు, సెప్టెంబర్‌లో మంచేంది అని వేలితో రాస్తే మెత్తగా నల్లగా అంటుకుంది.

తర్వాత తెలిసింది, కొలంబియా నది లోయలో ఈగిల్ క్రీక్ అనే చోట పదిహేనేళ్ళ పిల్లాడు ఒక పటాకు అంటించి లోయలోకి విసిరాడు, సెప్టెంబర్ 2న. అడవి ఎండిపోయి ఉంది, అంతే. దాదాపు 50 వేల ఎకరాలు కాలింది, నిప్పు కణికలు గాలికి లేచి నది దాటి అవతలి వాషింగ్టన్ స్టేట్‌లో పడ్డాయి, ట్రెక్కింగ్‌కి పోయిన 150 మందికి పైగా రాత్రంతా కొండల్లోనే చిక్కుకున్నారు. సరిగ్గా నెల ముందు బాపును, అమ్మను తీసుకెళ్ళి అక్కడి మల్ట్‌నోమా జలపాతం దగ్గర, ఆ చిన్న వంతెన మీద ఫోటో దిగాం. ఆ ఫోటో ఇప్పుడు కూడా మా హాల్లో ఉంది. కోర్టు ఆ పిల్లాడికి 3 కోట్ల 60 లక్షల డాలర్లకు పైగా కట్టమని చెప్పింది, కాలిన చెట్లకు ఆ డబ్బు ఏం చేస్తుంది, పదిహేనేళ్ళ పిల్లాడు ఆ బరువు ఎట్లా మోస్తాడు, రెండింటికీ నా దగ్గర సమాధానం లేదు.

ఇంత చూసి కూడా పటాకుల మీద నాకు ప్రేమ పోలేదు, ఉన్న మాట చెప్పాలి కదా. ఒరెగాన్‌లో పటాకులు జూన్ 23 నుంచి జూలై 6 దాకా మాత్రమే అమ్ముతారు, జూలై 4 వాళ్ళ స్వాతంత్ర్య దినం కోసం, అవి కూడా ఎగరనివి, పేలనివి. దీపావళికి మాకు దొరకవు కాబట్టి మావాళ్ళందరం జూన్‌లోనే కొని గరాజ్‌లో దాచుకునేవాళ్ళం. నది అవతలికి పోయి పెద్దవి తెచ్చుకునేవాళ్ళూ ఉన్నారు. మా పాపకి కాకరపువ్వొత్తి వెలిగించి చేతికి ఇవ్వాలి, చిచ్చుబుడ్డి చుట్టూ తిప్పాలి, హైదరాబాద్‌లో మా ఇంటి గేటు ముందు నాకు ఎట్లా అయ్యిందో అట్లాగే కావాలి, అదొక్కటే ఆశ.

2021 జూన్‌లో కూడా అట్లాగే డబ్బా కొన్నాను. ఆ వారమే ఎండ మొదలైంది. పోర్ట్‌ల్యాండ్ అంటే వాన ఊరు, చాలా ఇళ్ళల్లో ఏసీ కూడా ఉండదు, అక్కడ జూన్ 28న 116 డిగ్రీల ఫారెన్‌హీట్ కొట్టింది, మన లెక్కలో 46 దాటినట్టు, రామగుండంలోనే ఎప్పుడో చూసే ఎండ. ట్రామ్ కరెంటు కేబుల్ కరిగిపోయిన ఫోటో ఊరంతా తిరిగింది. మా గరాజ్ తలుపు తీస్తే పొయ్యి మూత తీసినట్టుంది, మూలన నా పటాకుల డబ్బా, పక్కనే లాన్ మిషన్ పెట్రోల్ క్యాను. గుండె ఆగినంత పనైంది.

ఎండ తగ్గిన మర్నాడే సిటీ ఫైర్ డిపార్ట్‌మెంట్ వాళ్ళు లీగల్‌వీ ఇల్లీగల్‌వీ అని తేడా లేకుండా పటాకులన్నీ బ్యాన్ అన్నారు. జూలై 4కి ఇంకా వారం కూడా లేదు. గొడవే గొడవ. స్టాళ్ళు పెట్టుకునేది చాలావరకు చర్చిలు, స్కూల్ టీములు, ఏడాది ఖర్చంతా ఆ రెండు వారాల్లోనే సంపాదించుకుంటారు, వాళ్ళ బాధ నిజమైన బాధ. పరిమితంగా కాల్చేవాణ్ణి ఆపితే దొంగతనంగా పెద్దవి తెచ్చేవాడు ఆగుతాడా అని ఇంకొకరు, అదీ తప్పు కాదు, ఎందుకంటే ప్రతి వీధిలో పోలీసు నిలబడలేడు. ఇంకోవైపు యుద్ధం చేసొచ్చిన మాజీ సైనికులు, ఆ చప్పుడుకి వణికిపోయేవాళ్ళు, కుక్కలున్నవాళ్ళు, అడవి పక్కన ఇళ్ళున్నవాళ్ళు. మా తెలుగు వాట్సాప్ గ్రూపులో అయితే ఇక మన దీపావళి మీద పడతారు చూడండి అని మొదలుపెట్టారు. నేను ఒక్కటే రాశాను, అన్నా, వాళ్ళు ఆపింది వాళ్ళ అన్నింటికన్నా పెద్ద పండగని, మనది కాదు.

ఆ రాత్రి బకెట్ నిండా నీళ్ళు పట్టి డబ్బా మొత్తం అందులో ముంచాను. రంగు కాగితాలు ఊడి నీళ్ళు ముందు ఎర్రగా, తర్వాత బురదలాగా అయ్యాయి, గంధకం వాసన వచ్చింది, కళ్ళు మూసుకుంటే మా వీధి దీపావళి. నాన్నా ఎందుకు తడుపుతున్నావ్ అని పాప ఏడ్చింది. దానికి అర్థమయ్యేలా చెప్పడం నాకు రాలేదు, పక్కన కూర్చోబెట్టుకున్నాను అంతే.

ఆ జూలై 4న పోర్ట్‌ల్యాండ్‌లో ఒక అపార్ట్‌మెంట్ కాలిపోయి మనుషుల ప్రాణాలు పోయాయి, కాల్చేసి సరిగ్గా పారెయ్యని పటాకులే కారణమని తర్వాత తేల్చారు. 2022 మార్చిలో సిటీ కౌన్సిల్ బ్యాన్‌ని శాశ్వతం చేసింది. ఇక్కడ మాత్రం నేను వాళ్ళతో ఒప్పుకోను. అక్టోబర్ చివర, నవంబర్‌లో అక్కడ పొద్దస్తమానం వాన, గడ్డి ముడితే నీళ్ళు కారతాయి, అప్పుడు తడి సిమెంట్ మీద పిల్లలు కాకరపువ్వొత్తి కాలిస్తే ఏ అడవీ తగలబడదు. నేలా గాలీ ఎండిపోయినప్పుడు ఆపండి, తడిసినప్పుడు వదలండి అని కౌన్సిల్‌కి మెయిల్ కూడా పెట్టాను.

అమ్మకు ఒంట్లో బాగోలేక తిరిగొచ్చేశాం. ఇక్కడ చూస్తే లెక్క తిరగబడి ఉంది. పటాకుల మీద మనకు చర్చ వచ్చేది దీపావళికే, సుప్రీంకోర్టు 2018లో రాత్రి 8 నుంచి 10 అని టైము పెట్టింది, 2020లో కోవిడ్ అప్పుడు మన తెలంగాణ హైకోర్టు మొత్తానికే ఆపమంటే సుప్రీంకోర్టు గ్రీన్ క్రాకర్స్‌కి, అంటే పొగ తక్కువొచ్చే పటాకులకి, రెండు గంటలు ఇచ్చింది. అదంతా పొగ గురించి, గాలి గురించి, అవసరమే, కాదనను. కానీ దీపావళి వానాకాలం దాటగానే వస్తుంది, ప్లాట్లలో గడ్డి ఇంకా పచ్చగానే ఉంటుంది. అసలు నిప్పు భయం ఏప్రిల్, మేలలో. నల్లమలలో అమ్రాబాద్ అడవిలో ఫారెస్టోళ్ళు ఎండాకాలం ముందే ఫైర్ లైన్లు, అంటే నిప్పు పాకకుండా గడ్డీ ఆకులూ తీసేసిన దారులు, కొట్టుకుంటారు. అదే నెలల్లో ఊళ్ళో బరాత్‌లు, గెలుపు ర్యాలీలు, ఐపీఎల్ మ్యాచ్‌లు, అర్ధరాత్రి స్కై షాట్లు, అప్పుడు అడిగేవాడు లేడు.

బాపుతో ఇదే చెప్పాను. "మన ఊర్ల ఎండకాలం గడ్డివాముల దగ్గర బీడీ కూడ ముట్టియ్యనిచ్చేటోళ్ళు కాదు బిడ్డా, కోర్టు చెప్పిందా ఏంది?" అన్నాడు. ఆ మాట పట్టుకొనే కాలనీ అసోసియేషన్‌కి రాసిచ్చాను, ఏప్రిల్ నుంచి మొదటి గట్టి వాన దాకా కాలనీ రోడ్ల మీద ఎగిరేవి బంద్, ఖాళీ ప్లాట్ ఓనర్లు మార్చిలోపు గడ్డి కొట్టించాలి. ఇంకా మీటింగ్‌లోకి రాలేదు, వదిలిపెట్టను.

వచ్చే ఏప్రిల్‌లో మా చిన్నాయిన బిడ్డ పెళ్ళి. ఫోన్ చేసి బరాత్‌ల స్కై షాట్లు వద్దు చిన్నాయినా అంటే కాసేపు ఏం మాట్లాడలేదు. "మగపెళ్ళోళ్ళు ఏమనుకుంటరురా?" అన్నాడు. తాటిచెట్టు వీడియో పంపాను. రాత్రి పదకొండింటికి తనే చేశాడు, "ఫంక్షన్ హాల్ లోపట సిమెంటు మీద రెండు చిచ్చుబుడ్లు పెడ్తం, ఫోటోలకు, బయట ఏం లేవు. నీళ్ళ డ్రమ్ము కాడ మాత్రం నువ్వే నిలబడాలె" అన్నాడు. సరే అన్నాను.