కేసీ కెనాల్ ఈతగాడు

1971 యుద్ధంలో నేవీ అనగానే అందరూ డిసెంబర్ 4 రాత్రి మన మిస్సైల్ బోట్లు కరాచీని కొట్టిన సంగతే చెప్తారు. నేవీ డే జరిపేదీ ఆ రోజునే. నాకు మాత్రం డిసెంబర్ 9 గుర్తుకొస్తుంది. ఆ రాత్రి డయ్యూ తీరానికి అవతల, పాకిస్తాన్ సబ్‌మెరైన్ హంగోర్ వదిలిన టార్పెడో తగిలి మన యుద్ధనౌక ఐఎన్ఎస్ ఖుక్రీ నిమిషాల్లో మునిగిపోయింది. 18 మంది ఆఫీసర్లు, 176 మంది నావికులు పోయారు. ఆ నావికుల్లో ఒకరు మన బడిలో చదివినవారు. ఆయనను మేమంతా నేవీ అన్న అనేవాళ్ళం.

నేవీలో చేరకముందు ఆయన మాకు ఈత గురువు. ఎండాకాలం సెలవుల్లో కేసీ కెనాల్ దగ్గరికి తీసుకుపోయి, నడుముకు బెండు కట్టి, గట్టు మీద నుంచి నీళ్ళలోకి తోసేవాడు. మునుగుతామని కేకలు పెడితే, 'కాళ్ళు ఆడించురా, నేనున్నా కదా' అంటూ పక్కనే ఈదేవాడు. నాలుగో రోజుకో ఐదో రోజుకో మనకు తెలియకుండానే బెండు ముడి విప్పేసేవాడు. సముద్రం మొహం చూడని కర్నూలు పిల్లలకు ఆ కాలవే సముద్రం.

పదో తరగతి అవగానే విశాఖపట్నంలో ట్రైనింగ్‌కు వెళ్ళాడు. తర్వాత ఖుక్రీలో బాయిలర్ రూమ్ డ్యూటీ పడింది. నాకు రాసిన ఇన్‌లాండ్ లెటర్‌లో ఒక మాట ఇప్పటికీ గుర్తుంది: 'మన కర్నూలు ఎండ ఏం ఎండ, ఒకసారి మా బాయిలర్ రూమ్‌కి వచ్చి చూడు.'

టెలిగ్రామ్ వచ్చిన రోజు వీధిలో ఎవరి ఇంట్లోనూ పొయ్యి వెలగలేదు. శవం రాలేదు కాబట్టి వాళ్ళమ్మ చాలాకాలం దినం చేయనివ్వలేదు. 'మా వోడు ఈతగాడు, యాడో ఒక గట్టు ఎక్కింటాడు' అనేది. ఆ మాటకు ఎవరం ఎదురు చెప్పలేకపోయేవాళ్ళం. ఓడ అడుగున బాయిలర్ల దగ్గర పనిచేసేవాళ్ళకు పైకి వచ్చే వ్యవధి ఎంత దొరికి ఉంటుందో ఆమెకు ఎలా చెప్తాం?

ఖుక్రీ కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా తన లైఫ్ జాకెట్ ఒక నావికుడికి ఇచ్చేసి ఓడతోపాటే మునిగారని బతికి బయటపడ్డవాళ్ళు చెప్పారు. ఆయనకు మరణానంతరం మహావీర చక్ర ఇచ్చారు. అది దక్కవలసిన గౌరవమే. కానీ కింద బాయిలర్ల వేడిలో ఓడను నడిపిస్తూ పోయిన పిల్లల పేర్లు వాళ్ళ ఊళ్ళలో కూడా వినపడకపోవడం నాకు బాధగా ఉంటుంది. ఆ మధ్య డయ్యూ వెళ్ళినప్పుడు స్మారకం దగ్గర అద్దాల మధ్య ఖుక్రీ నమూనా చూశాను. పొగగొట్టం కింద ఎక్కడో ఆయన గది ఉండేదని ఊహించుకుంటూ చాలాసేపు నిలబడిపోయాను.

మన బడి వరండాలో ఫస్టు ర్యాంకుల వాళ్ళ పేర్ల బోర్డు ఉంది. దాని పక్కన నేవీ అన్న పేరు, ఫొటో పెట్టాలని పూర్వ విద్యార్థుల సంఘాన్ని కోరుతున్నాను. అయ్యే ఖర్చు నేను భరిస్తాను. ఆయన బ్యాచ్‌వాళ్ళ దగ్గర గ్రూప్ ఫొటో ఏదైనా ఉంటే హెడ్‌మాస్టర్ గారికి అందజేయండి. ఈ డిసెంబర్ 9 నాటికి పెట్టగలిగితే బాగుంటుంది.