కుండనీళ్లలో గ్లాసు

రోహిణి కార్తె. రాత్రి తొమ్మిదయినా మిద్దె మీద గచ్చు వేడి తగ్గలేదు. నెల్లూరంతా ఉక్కపోత, పెన్నా వైపు నుంచి చిన్న గాలి కూడా లేదు. బావ సింగపూర్ నుంచి తెచ్చిన స్కాచ్ విస్కీ, గ్లెన్‌ఫార్‌క్లాస్ 15 ఏళ్లది, ఈరోజే తీశాం. కింద వంటింట్లో చేపల పులుసు సిద్ధంగా ఉంది. ఆ కారం, చింతపండు తగిలితే నాలుకకి ఇంకేం తెలియదని అన్నానికి ముందే కూర్చున్నాం.

గ్లాసు దగ్గరికి తెచ్చుకోగానే ఘాటు ముక్కులో గుచ్చింది. మనసు చివుక్కుమంది. 46 శాతం ఆల్కహాల్, పైగా ఈ వేడి. వేడికి ముందు లేచేది ఆల్కహాలే, మిగతావన్నీ దాని వెనకే దాక్కుంటాయి.

"ఐసు వేసుకో అబ్బయా," అన్నాడు బావ.

ఐసుకి వాసనలు ముడుచుకుపోతాయి. అందుకని స్టీలు గిన్నెలో కుండనీళ్లు పోసి, గ్లాసు అందులో నిలబెట్టాను. పది నిమిషాలాగి, అడుగు తడి తుడిచి మళ్లీ చూశాను. ఈసారి ఎండుద్రాక్ష, అక్రోటు, ఎండిన కమలా తొక్క. స్పూనుతో నాలుగు చుక్కల నీళ్లు వేశాక తాటిబెల్లం పాకం.

ఇదంతా పీపా చలవే. స్పెయిన్‌లో ఒలొరోసో షెర్రీ అనే వైన్ నానిన ఓక్ చెక్క పీపాల్లో ఈ విస్కీని ఏళ్ల తరబడి ఉంచుతారు. ఊరగాయ జాడీ ఎంత కడిగినా వాసన వదలదు కదా, అట్లా. రంగూ పీపా ఇచ్చిందే. స్కాచ్‌లో రంగు కోసం కారమెల్, అంటే మాడ్చిన చక్కెర, కలపడానికి చట్టం ఒప్పుకుంటుంది కాబట్టి, ముదురు రంగు చూసి మంచిదని నేనెప్పుడూ నమ్మను.

పోయినేడు తాగిన ఇంకో షెర్రీ పీపా విస్కీలో కాల్చిన అగ్గిపుల్ల వాసన వచ్చింది. పీపా పాడవకుండా లోపల గంధకం పొగ పెడతారు, అది మిగిలిపోతే అంతే. దీంట్లో ఆ జాడే లేదు. గుటక వేశాక మాత్రం సగం పండిన నేరేడు పండు తిన్నట్టు నాలుక మీద వగరు నిలిచింది. బావకి అదే నచ్చలేదు. ఆ వగరు లేకపోతే ఇది ఉత్త తీపి అయిపోయేదని నేను వాదించాను. నా లెక్కలో వాసనకి ఎక్కువ మార్కులు, రుచికి ఒక మెట్టు తక్కువ.

బాటిల్‌ని బియ్యం డ్రమ్ము పక్కన చీకట్లో నిలబెట్టి వచ్చాను. పడుకోబెడితే కార్కు పాడవుతుంది. బావ ప్రయాణం సోమవారం. గాలి తగిలాక ఆ వగరు ఏమవుతుందో ఆదివారం ఇద్దరం మళ్లీ చూడాలి.