డయ్యూ కోట, ఆ రాయి వచ్చిన గుంట

ఆదివారం, వేరావల్ (గుజరాత్)

నేను పనిచేసే ప్లాంటుకు సెలవు కావడంతో ఈ రోజు డయ్యూ దీవికి వెళ్ళి వచ్చాను. ఇక్కడి నుంచి కొడినార్, ఊనాల మీదుగా సుమారు 90 కిలోమీటర్లు. తోడుగా మా శ్రీకాకుళం వైపు కుర్రాడొకడు వచ్చాడు. వేరావల్ మరపడవల మీద పనిచేసే మన జాలర్లలో అతనూ ఒకడు. రెండు వేటల మధ్య ఒడ్డున ఖాళీగా ఉన్నాడు. చరిత్ర నేను చదువుకుని వెళ్ళాను గానీ, కోటను చూడవలసిన తీరులో చూసింది మాత్రం అతనే.

కోట దీవికి తూర్పు కొసన ఉంది. మూడు వైపులా నీళ్ళు, నేల వైపున కందకాలు. లోపలి కందకాన్ని రాతిని తొలిచి, సముద్రపు నీరు వచ్చేలా చేశారు. ద్వారం దాటితే పైకప్పు లేని గదులు, గడ్డి మొలిచిన మెట్లు, కుప్పలుగా పడి ఉన్న ఇనుప గుండ్లు, సముద్రం వైపు మూతులు తిప్పుకున్న ఫిరంగులు కనబడతాయి. ఒక ఫిరంగి మీద పిల్లలను కూర్చోబెట్టి ఫొటోలు తీస్తున్నారు. శిథిలమని పేరే గానీ బురుజులు ఇంకా గట్టిగానే ఉన్నాయి; పాడయినవి ముఖ్యంగా మనుషులు నివసించిన భాగాలు.

దీప స్తంభం దగ్గర నిలబడి, ఇంత కోటను ఈ మూలనే ఎందుకు కట్టినట్టని నేను పైకే అనుకుంటుంటే ఆ కుర్రాడు నవ్వాడు. "తూరుపు నుంచి రేవులోకి రావాలంటే ఇదే దారి గదా అక్కా. దీన్ని దాటకుండా పడవ ఎటెల్తాది?" అని దీవికీ అవతలి నేలకూ మధ్యనున్న పాయను చూపించాడు. నిజమే. ఆ పాయ మధ్యలోనే పానీ కోఠా అనే చిన్న జలదుర్గం ఉంది. అక్కడి నుంచీ, ఇక్కడి నుంచీ ఫిరంగులు పేలితే ఏ ఓడా రేవు చేరలేదు. ఖంభాత్ సింధుశాఖ నుంచి ఎర్రసముద్రం వైపు సాగే వర్తకమంతా ఈ ముంగిటే నడిచేది కనుక, 1509లో గుజరాత్, ఈజిప్టుల నౌకాదళాన్ని ఇక్కడే ఓడించిన పోర్చుగీసువారికి ఆ గెలుపు ఒక్కటే చాలలేదు, కాలు మోపడానికి నేల కూడా కావలసి వచ్చింది. 1535లో మొఘల్ చక్రవర్తి హుమాయూన్ దాడికి చిక్కిన గుజరాత్ సుల్తాన్ బహదూర్ షా వారి సాయం ఆశించి కోట కట్టుకోవడానికి అనుమతించాడు. రెండేళ్ళకే, వారి ఓడకు వెళ్ళివస్తూ ఈ నీళ్ళలోనే ప్రాణం పోగొట్టుకున్నాడు. అతిథిని అలా సాగనంపిన కోటను మెచ్చుకుంటూ తిరగడం నాకు కాస్త ఇబ్బందిగానే అనిపించింది.

1538లోనూ 1546లోనూ కోట ముట్టడికి గురైంది. రెండోసారి ముట్టడించినవారు గోడల కింద సొరంగం తవ్వి మందుపాతర పేల్చారు. గోవా నుంచి పాలించిన జువావ్ ద కాస్ట్రో కొడుకు అందులో చనిపోయాడు. కూలిన కోటను తిరిగి కట్టడానికి డబ్బు లేక, కాస్ట్రో తన గడ్డపు వెంట్రుకలను తాకట్టుగా పంపి గోవా పౌరులను అప్పు అడిగాడని చెబుతారు. ఈ సంగతి చెబితే కుర్రాడు నమ్మలేదు. తండేలు, అంటే పడవ నాయకుడు, మాట ఇస్తే చాలుననీ, వెంట్రుకలు ఎవరికి కావాలనీ తేల్చేశాడు.

నాయిడా గుహలకు వెళ్ళాక కోట నాకు పూర్తిగా అర్థమయింది. ఇవి గుహలని పేరే, నిజానికి రాతి గని. కోటకు కావలసిన రాయిని పోర్చుగీసువారు ఇక్కడే కోయించారని అంటారు. గోడల నిండా దిమ్మలు తీసిన చదరపు అంచులు మెట్లుమెట్లుగా మిగిలాయి. పైన తెరుచుకున్న కంతల నుంచి ఎండ, మర్రి ఊడలు కలిసి దిగుతున్నాయి. మట్టి ఇల్లు కట్టిన చోట పక్కనే గుంట మిగిలినట్టు, కోట కట్టిన చోట ఇది మిగిలింది. ఇంత రాయిని కోసిన కూలీల పేర్లు ఎక్కడా లేవు, ముట్టడిలో పోరాడిన దొరల పేర్లన్నీ ఉన్నాయి. అందుకే నన్నడిగితే మొదట ఈ గుంట చూసి, ఆ తరువాతే కోటకు వెళ్ళాలి.

చక్రతీర్థం దగ్గర ఐ.ఎన్.ఎస్. ఖుక్రీ స్మారకం వద్ద మాత్రం ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. 1971 డిసెంబర్ 9న పాకిస్తాన్ జలాంతర్గామి ఈ తీరానికి ఎదురుగానే ఆ యుద్ధనౌకను ముంచింది. 18 మంది అధికారులు, 176 మంది నావికులు పోయారు, కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా ఓడను విడిచి రాలేదు. దానికి కొద్ది రోజుల ముందే విశాఖ ఎదుట మరో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగింది. విశాఖ సముద్రతీరంలో స్మారకం చూస్తూ పెరిగిన నాకు, అదే యుద్ధం రెండో ఒడ్డున ఇలా కనబడింది.

నాగోవా బీచికి వెళ్ళే దారిలో కొమ్మలు చీలిన తాటిచెట్లు ఉన్నాయి. వాటిని ఇక్కడ హోకా అంటారు. కుర్రాడు ఆగి ఫొటో తీసి ఇంటికి పంపాడు. చివరగా ఫుదమ్ ఊళ్ళో గంగేశ్వరుడి గుడికి వెళ్ళేసరికి సముద్రం పోటు మీదుంది. రాతి అరలో ఉన్న ఐదు లింగాల మీద కెరటాలు పడుతున్నాయి. నీరు తీసేదాకా ఆగుదామని అతనన్నాడు గానీ నేనే ఒప్పుకోలేదు. రేపు పొద్దున్నే అతని పడవలోకి ఐసు ఎక్కించాలి, నాకు మొదటి షిఫ్టు.