డ్రైయర్ వేడెక్కుతోంది, బట్టలు ఆరడం లేదు: నా అనుభవం

పని అయిపోయిందని డ్రైయర్ కూత పెడుతుంది. తలుపు తీస్తే బట్టలు చేతికి వెచ్చగానే తగులుతాయి. జీన్స్ నడుము పట్టీని, జేబుల మడతలను నొక్కి చూస్తే మాత్రం చెమ్మ. తువ్వాళ్ల సంగతి చెప్పనక్కర్లేదు, బరువుగా, ఆవిరి పట్టినట్టు ఉంటాయి. ప్రతిసారీ రెండో విడత తిప్పాల్సి వచ్చేది. ఇంత వేడి పుట్టించే యంత్రం తడిని ఎందుకు వదిలించలేకపోతోందో తేల్చుకోవాలనిపించింది.

మరమ్మతు చేసే ఆయనకు ఫోను చేస్తే, మాట పూర్తికాకముందే "హీటర్ పోయింది, మార్చేద్దాం" అన్నాడు. డ్రమ్ము వేడెక్కుతోంది కదండీ అంటే, "రెండు తీగల్లో ఒకటి పోయి ఉంటుంది" అన్నాడు. అలా జరగదని కాదు, రెండు తీగల హీటర్లున్న డ్రైయర్లు ఉన్నాయి. కానీ యంత్రం మొహం చూడకుండా ఖరీదైన భాగం మార్చమనే వైద్యం నాకు నచ్చలేదు. పైసా ఖర్చు లేని పరీక్షలన్నీ ముందు అయ్యాకే హీటర్ మాట అనుకున్నాను.

మొదట వాషింగ్ మెషీన్‌ను అనుమానించాను. ఒక కిలో నీటిని ఆవిరి చేయడానికి దాదాపు మూడింట రెండు వంతుల యూనిట్ కరెంటుకు సరిపడా వేడి కావాలి. అందుకే మెషీన్ సరిగా పిండకుండా వదిలేసిన నీటి భారమంతా డ్రైయర్ మీద పడుతుంది. అప్పుడే బయటికి తీసిన తువ్వాలును గట్టిగా పిండి చూశాను, చుక్క రాలేదు. అక్కడ లోపం లేదు.

తర్వాత డ్రైయర్ ఫిల్టర్, అంటే బట్టల నుంచి రాలే నూగును పట్టే జల్లెడ. నూగు ఎప్పటికప్పుడు తీసేస్తూనే ఉన్నాను, చూడటానికి శుభ్రంగానే ఉంది. అయినా కుళాయి కింద పెడితే నీళ్లు జల్లెడలోంచి జారిపోకుండా అక్కడక్కడా నిలిచాయి. బట్టలు మెత్తబడటానికి డ్రైయర్‌లో వేసే షీట్ల మైనం కంటికి కనపడని పొరలా పట్టేసిందన్నమాట. సబ్బు నీళ్లు, మెత్తని బ్రష్షుతో రుద్దితే పోయింది. ఫలితం మాత్రం అంతంతే.

ఆటోమేటిక్ పద్ధతి మానేసి, 60 నిమిషాలు సమయం పెట్టి తిప్పాను. ఈ పరీక్ష చాలా ముఖ్యం. సమయం పెట్టినప్పుడు బట్టలు బాగా ఆరితే, తడిని గుర్తించే సెన్సర్ తొందరపడి ఆపేస్తోందని అర్థం. అలా కూడా ఆరకపోతే వేడిలోనో గాలిలోనో లోటుంది. నా బట్టలు ఆరలేదు.

యంత్రం తిరుగుతుండగా డ్రైయర్ గాలి గొట్టం గుండా ఇంటి బయటికి వచ్చే చోటికి వెళ్లి చూశాను. అక్కడి రెక్క గాలి తోపుకు బాగా తెరుచుకోవాలి. అది కాస్త లేస్తూ, మళ్లీ పడుతూ ఉంది. చెయ్యి పెడితే వెచ్చని ఊపిరి తగిలినట్టుందే తప్ప జోరు లేదు. నాకు విషయం బోధపడింది అక్కడే. వేడి గాలి తడిని పీల్చుకుంటుంది, ఆ గాలి బయటికి పోతేనే తడి పోతుంది. దారి మూసుకుపోతే లోపలి గాలి ఆవిరితో నిండిపోయి, ఇక పీల్చుకోలేదు. పైగా హీటర్ దగ్గర వేడి హద్దు దాటగానే రక్షణ కోసం పెట్టిన థర్మోస్టాట్ కరెంటు ఆపేస్తుంది, చల్లబడ్డాక మళ్లీ ఇస్తుంది. బట్టలు వెచ్చగా ఉంటాయి, ఆరవు.

ప్లగ్గు తీసి యంత్రాన్ని ముందుకు లాగాను. వెనక ఉన్న ముడతల రేకు గొట్టం గోడకు, యంత్రానికి మధ్య నలిగి చపాతీ అయింది. విప్పితే మలుపు దగ్గర బూడిద రంగు నూగు చెమ్మతో గడ్డకట్టి ఉంది. గొట్టాల అతుకులో ఎవరో బిగించిన స్క్రూ మొన లోపలికి పొడుచుకొచ్చి, నూగంతా దానికి తగులుకుని పేరుకుంది. నూగు ఇట్టే అంటుకునే సరుకు. బట్టల తడి కన్నా నన్ను భయపెట్టింది అదే.

అంతా శుభ్రం చేసి, 4 అంగుళాల నున్నటి లోహపు గొట్టాన్ని మలుపులు తగ్గించి అమర్చాను. అతుకులకు స్క్రూలు లేవు, అల్యూమినియం టేపు చుట్టాను. నాది కరెంటుతో నడిచేది. గ్యాస్ డ్రైయర్ అయితే గొట్టం విప్పి ఉంచి ఒక్క క్షణం కూడా నడపకూడదు, కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకి వస్తుంది.

ఈసారి బయటి రెక్క పూర్తిగా లేచి నిలబడింది. సమయం పెట్టి తిప్పితే తువ్వాళ్లు పొడిపొడిగా వచ్చాయి. ఆటోమేటిక్‌లో మాత్రం ఇంకా తొందరగానే ఆగిపోతోంది. అంటే సెన్సర్‌లోనూ కొంత తప్పు ఉంది. ఫిల్టర్ పక్కన, డ్రమ్ము అంచున రెండు సన్నని లోహపు పట్టీలుంటాయి. తడి బట్ట రెండింటినీ తాకితే కరెంటు పారుతుంది, దాన్నిబట్టి యంత్రం తడిని లెక్కగడుతుంది. ఫిల్టర్‌కు పట్టిన మైనమే వీటికీ పట్టి, కరెంటు పారక, బట్టలు ఆరిపోయాయని యంత్రం అనుకుంటోంది. దూదికి స్పిరిట్ అద్ది తుడిస్తే దూది నల్లబడింది. షీట్లు వాడటం అంతటితో మానేశాను.

జీన్స్ నడుము పట్టీ ఒక్కటే ఇంకా మొండికేసేది. పల్చని చొక్కాలతో కలిపి వేస్తే అవి ముందే ఆరి సెన్సర్ పట్టీలకు తగులుతుంటాయి, యంత్రం ఆపేస్తుంది. ఇప్పుడు మందపు బట్టలను తిరగేసి, విడిగా వేస్తున్నాను. మరమ్మతు ఆయనకు మళ్లీ ఫోను చేయలేదు, పాత హీటరే నడుస్తోంది.